ఏ యాప్ పెట్టుకోవాలి? – ఒక పాత ప్రశ్న

ఈ రోజు విషయం వినగానే "ఇది చరిత్ర ఎలా అవుతుంది?" అని మీకు అనిపించొచ్చు. అమెరికాలో పెళ్లి కాని ఒక నల్లజాతి అమ్మాయో అబ్బాయో ఏ డేటింగ్ యాప్ ఎంచుకోవాలి అన్నదే ఈ రోజు విషయం. ఫోన్‌లో వేలితో ఫొటోలు జరిపే ఈ యాప్‌లు మొన్న మొన్న వచ్చినవి కదా, వాటికి చరిత్ర ఏంటి అంటారా? ఉందండీ. చాలా ఉంది.

నాకు ఈ ప్రశ్న అట్లాంటాలో ఎదురైంది. అక్కడ ఉద్యోగం చేస్తున్నప్పుడు మా టీంలో ఒక ఆఫ్రికన్ అమెరికన్ అమ్మాయి ఉండేది. ఒక రోజు లంచ్ దగ్గర ఫోన్ చూపించింది. రెండు యాప్‌లు ఉన్నాయి. ఒకటి అందరూ వాడేది. అందులో మనుషులు బోలెడు. కానీ తను పలకరిస్తే జవాబు రాదు, వచ్చినా సగం మంది తన రంగు గురించి, జుట్టు గురించి వెకిలిగా మాట్లాడేవాళ్లే. రెండోది నల్లజాతి వాళ్ల కోసమే పెట్టింది. అక్కడ మర్యాద ఉంది, మనుషులు తక్కువ. "ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?" అంది. ఆ తర్వాత నన్ను ఒక ప్రశ్న అడిగింది. అది ఆఖర్లో చెప్తాను.

ముందు వెనక్కి వెళ్దాం. బానిసత్వం ఉన్న రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో బానిసల పెళ్లికి చట్టం దృష్టిలో విలువే లేదు. వాళ్లు చీపురు మీద నుంచి ఇద్దరూ కలిసి దూకి పెళ్లి చేసుకునేవాళ్లు. కానీ యజమాని తల్చుకుంటే మర్నాడే భర్తని ఒక రాష్ట్రానికి, భార్యని ఇంకో రాష్ట్రానికి అమ్మేయొచ్చు. 1865లో బానిసత్వం పోయింది. స్వేచ్ఛ రాగానే చాలామంది చేసిన మొదటి పని ఏంటో తెలుసా? పత్రికల్లో ప్రకటనలు ఇచ్చారు. నా భార్య ఎక్కడుంది, నా బిడ్డ ఎక్కడుంది, ఫలానా ఊళ్లో ఫలానా వాడికి అమ్మారు, తెలిసినవాళ్లు చెప్పండి అని.

ఫిలడెల్ఫియా నుంచి వచ్చే 'క్రిస్టియన్ రికార్డర్' అనే పత్రిక నిండా ఇవే. అది నల్లవాళ్లు సొంతంగా పెట్టుకున్న చర్చి వాళ్ల పత్రిక. న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చే ఇంకో చర్చి పత్రికలో 1870ల చివర్లో ఇందుకోసమే ఒక శీర్షిక మొదలుపెట్టారు. చందాదారులు కానివాళ్లకి ఒక్కో ప్రకటనకి 50 సెంట్లు. చదువు రానివాళ్ల కోసం పాస్టర్లు ఆదివారం ప్రార్థన దగ్గర వాటిని పైకి చదివి వినిపించాలని పత్రిక కోరేది. అంటే మనిషి కోసం మనిషి ప్రకటన ఇచ్చుకోవడం వీళ్లకి కొత్త కాదు. పైగా దాన్ని ఎక్కడ ఇచ్చారో గమనించండి. తమని నమ్మే చోట, తమ వాళ్లు చదివే చోట ఇచ్చారు.

మరి బయటి ప్రపంచం సంగతి? వర్జీనియాలో 1691లో ఒక చట్టం తెచ్చారు. తెల్లవాళ్లు ఎవరైనా నల్లవాళ్లనో స్థానిక ఇండియన్లనో పెళ్లి చేసుకుంటే వాళ్లని కాలనీ నుంచి వెళ్లగొట్టాలి. సరే, అది పాత కాలం అనుకుందాం. 1958 జూన్‌లో రిచర్డ్ లవింగ్ అనే తెల్లతను, మిల్‌డ్రెడ్ అనే అమ్మాయి వాషింగ్టన్ వెళ్లి పెళ్లి చేసుకున్నారు. జులైలో వర్జీనియాలో వాళ్ల పడగ్గదిలోకి అర్ధరాత్రి పోలీసులొచ్చి అరెస్టు చేశారు. 1959లో జడ్జి ఏడాది జైలుశిక్ష వేసి, 25 ఏళ్లు రాష్ట్రం వదిలి వెళ్లిపోతే శిక్ష ఆపుతానన్నాడు. చూశారా? 1691లో వెళ్లగొట్టారు, 1959లోనూ వెళ్లగొట్టారు. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాలు చెల్లవంది. అప్పటికి 16 రాష్ట్రాల్లో అలాంటి చట్టాలున్నాయి. అలబామా తన రాజ్యాంగంలోంచి ఆ నిషేధాన్ని తీసేసింది ఎప్పుడో తెలుసా? 2000లో, ఓటింగ్ పెట్టి. తీయొద్దని దాదాపు 40 శాతం మంది ఓటేశారు. నిన్నగాక మొన్న అన్నమాట.

ఇలాంటి దేశంలో నల్లవాళ్లు తమకంటూ కొన్ని చోట్లు కట్టుకున్నారు. చర్చిలు, హోవర్డ్ లాంటి యూనివర్సిటీలు, అక్కడి విద్యార్థి సంఘాలు, 1945లో మొదలైన 'ఎబొనీ' పత్రిక. ఎన్నో జంటలు కలిసింది ఇలాంటి చోట్లే. ఇంకొకటి కూడా చెప్పాలి. 1936లో విక్టర్ గ్రీన్ అనే న్యూయార్క్ పోస్ట్‌మన్ 'గ్రీన్ బుక్' అని ఒక చిన్న పుస్తకం వేశాడు. కారులో ఊరికి వెళ్తే నల్లవాళ్లకి ఏ హోటల్లో గది ఇస్తారు, ఎక్కడ భోజనం పెడతారు, ఎక్కడ పెట్రోలు పోస్తారు అన్న వివరాలన్నీ అందులో ఉండేవి. మా ఆఫీసు అమ్మాయి ఫోన్ పట్టుకుని అడిగింది కూడా అదే కదా. ఎక్కడికి వెళ్తే అవమానం లేకుండా లోపలికి రానిస్తారు?

ఇప్పుడు ఇంటర్నెట్ కాలానికి వద్దాం. మ్యాచ్ డాట్ కామ్ 1995లో వచ్చింది. నల్లజాతి వాళ్ల కోసం 'బ్లాక్ పీపుల్ మీట్' 2002లో వచ్చింది. 2009లో ఓకేక్యుపిడ్ సంస్థ తన వెబ్‌సైట్‌లో ఎవరు ఎవరికి జవాబిస్తున్నారో లెక్కలు బయటపెట్టింది. నల్లజాతి ఆడవాళ్లు అందరికన్నా ఎక్కువగా జవాబిస్తారు, వాళ్లకి మాత్రం అందరికన్నా తక్కువ జవాబులొస్తాయి. 2014లో మళ్లీ చూస్తే పరిస్థితి పెద్దగా మారలేదు. అంటే మా ఆఫీసు అమ్మాయికి జరిగింది ఆమె ఫొటోలో లోపం కాదండీ.

ఇందులో యంత్రం పాత్ర కూడా ఉంది. 2012లో టిండర్ వచ్చింది. ఎంతమంది నచ్చిందన్నారో దాన్నిబట్టి ఒకప్పుడు అది మనిషికి లోపల ఒక స్కోరు వేసేది. ఆ పద్ధతి ఇప్పుడు లేదని 2019లో చెప్పింది. కానీ ఆలోచించండి, జనంలో ఉన్న పక్షపాతాన్నే స్కోరుగా మారిస్తే ఏమవుతుంది? తక్కువమంది నచ్చిందన్న వాళ్లు ఇంకా తక్కువమందికి కనిపిస్తారు. గుమ్మం దగ్గర ఎవరూ నిలబడి పొమ్మనరు. అసలు నువ్వు వచ్చినట్టే ఎవరికీ తెలియదు.

మరి జాతి ఫిల్టర్ తీసేస్తే సరిపోతుందా? 2020లో గ్రైండర్ తీసేసింది. కొన్ని యాప్‌లు ఉంచాయి. తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లు తమ వాళ్లని వెతుక్కోడానికి అది కావాలని వాళ్ల వాదన. అందులో నిజం ఉంది. ఒకే మీట వెళ్లగొట్టడానికీ పనికొస్తుంది, దగ్గర చేయడానికీ పనికొస్తుంది. 2017లో నల్లవాళ్ల కోసమే 'బీఎల్‌కే' అనే యాప్ వచ్చింది. అయితే దాని యజమాని మ్యాచ్ గ్రూప్. టిండర్, ఓకేక్యుపిడ్ కూడా ఆ గ్రూపువే. పెద్ద యాప్‌లో అవమానం పడలేక చిన్న యాప్‌కి మారినా డబ్బు వెళ్లేది అదే గల్లాపెట్టెలోకి.

కాబట్టి నల్లజాతి వాళ్లు తమ వాళ్ల యాప్ ఎంచుకుంటే "వీళ్లే వేరుపడుతున్నారు" అనకండి. తలుపు మూసినవాడు వేరు, బయట నిలబడి సొంత ఇల్లు కట్టుకున్నవాడు వేరు. ఇద్దరూ గోడే కట్టారు కదా అంటే చరిత్ర తెలియనట్టే.

ఇక ఆమె నన్ను అడిగిన ప్రశ్న. "మీ పెళ్లి సైట్లలో కులం అని ఒక గడి ఉంటుందట కదా. నువ్వు దాంట్లో ఏం పెట్టావు?" అంది.

నా ప్రొఫైల్ మా అమ్మ నింపింది. మా కులమే కావాలి అని టిక్ పెట్టి ఉంది. నేను చూశాను. తీయలేదు. అమ్మ బాధపడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆమెకి కూడా అదే చెప్పబోయి, "అది మా ఇష్టాయిష్టాల సంగతి" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఫోన్ లోపల పెట్టేసుకుని డబ్బా మూత పెట్టింది.

ఆమెకి రాని జవాబుల వెనక ఉన్నవాళ్లు కూడా అదే మాట అంటారని నాకు ఆ సాయంత్రం కారులో వెళ్తుంటే తట్టింది. ఆ రాత్రి ఆ టిక్ తీసేశాను. మర్నాడు అమ్మ ఫోన్ చేసింది. ఆ గొడవ చాలా రోజులు నడిచింది లెండి.

ఈ రోజుకి ఇంతే. మీ ఇంట్లో ఎవరి ప్రొఫైల్ అయినా ఉంటే ఆ గడిలో ఏముందో ఒకసారి చూడండి.