చెట్టు నీడలో చూసిన రంగు

దమ్మపేట చుట్టుపక్కల పెళ్లి కుదిరితే ఉంగరం కోసం సత్తుపల్లి వెళ్తారు. పెద్ద షాపు కావాలనుకుంటే ఖమ్మమో, బెజవాడో. నిన్నమొన్నటి దాకా ప్రధానపు ఉంగరమంటే ఇంత బంగారం, పైన ఓ ఎర్రరాయి. ఇప్పుడు పిల్లలు రవ్వ ఉండాలంటున్నారు. పామాయిల్ గెలలమ్మిన డబ్బుతో వచ్చినవారైనా, నెల జీతంలో మిగిల్చుకుని వచ్చినవారైనా షాపులో కూర్చోగానే వినే ప్రశ్న ఒకటే: "ఈఎఫ్ చూపించమంటారా అండీ, జీహెచ్ అయినా ఫర్వాలేదా?"

భూమిని కుంటల్లో కొలిచే మనుషులకు రవ్వను సెంట్లలో కొలవడమే కొత్త. దాని రంగును ఇంగ్లీషు అక్షరాల్లో కొలవడం మరీ కొత్త. పైగా ఆ అక్షరాలు 'ఏ' నుంచి కాక 'డి' నుంచి మొదలవుతాయి. ఒక్కో అక్షరం పైకెక్కితే బిల్లులో వేలు పెరుగుతాయి. ఈ మెట్లు ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అన్నది తెలిస్తే, ఏ మెట్టు మీద ఆగాలో తేల్చుకోవడం తేలిక. ఆ కథలో సగం మన కృష్ణా ఒడ్డునే జరిగింది.

పసుపు రాజుగారి రంగు

వజ్రానికి రంగు చూసి విలువ కట్టడం మన దేశంలో చాలా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఖజానాలోకి వచ్చే వజ్రాల రంగుల్ని వరసగా చెబుతుంది: పిల్లికన్ను, దిరిసెన పువ్వు, గోమూత్రం, స్వచ్ఛమైన స్ఫటికం. ఈ పోలికలన్నీ పెరట్లోనో పొలంగట్టునో కనిపించేవే. చేతిలో కొలమానం లేని రోజుల్లో అందరూ చూసిన వస్తువే కొలమానం.

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహిత రాసేనాటికి ఈ రంగులకు కులం అంటుకుంది. తెల్లని రాయి బ్రాహ్మణులకు, ఎరుపూ పసుపూ క్షత్రియులకు, దిరిసెన పువ్వు రంగుది వైశ్యులకు, కత్తి వాదరలా నల్లగా మెరిసేది శూద్రులకు శుభమన్నాడు. సమాజంలో ఉన్న నిచ్చెననే తెచ్చి రాతికి ఆనించాడు. ఒక్క సంగతి మాత్రం మనకు పనికొస్తుంది. ఇవాళ షాపులో ధర తగ్గించే పసుపు ఆ పట్టికలో రాజుకు తగిన రంగు. అంటే రంగు ఎక్కువ తక్కువలు రాతిలో పుట్టినవి కావు, కాలం కట్టినవి.

దీపపు గూడు, ఆకు నీడ

పదమూడో శతాబ్దం చివర్లో మార్కోపోలో రుద్రమదేవి రాజ్యం గురించి, మోటుపల్లి రేవు పేరుతో రాశాడు. ప్రపంచంలో వజ్రాలు దొరికేది ఇక్కడేనన్నాడు. అప్పుడు మన ఖమ్మం సీమ కూడా ఆ కాకతీయుల ఏలుబడిలోదే. బ్రెజిల్‌లో 1720లలో గనులు బయటపడేదాకా మార్కోపోలో మాట దాదాపు నిజమే. బోర్నియో దీవిలో దొరికే కొద్దిపాటి రాళ్లు తప్ప, లోకంలోని వజ్రాలన్నీ మన దేశంలోవే. వాటిలో పేరున్నవి ఎక్కువగా కృష్ణా, పెన్నా లోయల్లోవి. గోల్కొండ పేరు వాటికి స్థిరపడింది గానీ, గోల్కొండలో గని లేదు. అది బజారు, రాజధాని.

గనుల దగ్గర రంగు ఎలా చూసేవారో పూసగుచ్చినట్టు రాసినవాడు ఫ్రెంచి వర్తకుడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్. పదిహేడో శతాబ్దంలో ఆరుసార్లు తూర్పు దేశాలకు ప్రయాణించి, 1676లో తన పుస్తకం అచ్చు వేశాడు. కృష్ణా ఒడ్డునున్న కొల్లూరు గనిలో అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తారు. రావల్కొండ అని అతను రాసిన గనిని చరిత్రకారులు కర్నూలు జిల్లా రామళ్లకోటగా గుర్తించారు. అక్కడ పొద్దున్నే ఊరి మధ్య పెద్ద చెట్టు కింద పది నుంచి పదహారేళ్ల లోపు వర్తకుల పిల్లలు కూర్చునేవారట. ఒక్కొక్కడి దగ్గర తూనికరాళ్ల సంచి. ఎవరైనా వజ్రం తెస్తే పెద్దవాడు చూసి పక్కవాడికి ఇస్తాడు, అలా చేతులు మారుతుంది, ఎవరూ పెదవి విప్పరు. పెద్దల బేరమైతే గుడ్డ కింద చేతివేళ్లతో నడుస్తుంది. పక్కనున్నవాడికి కూడా ధర తెలియదు.

ఆ రోజుల్లో రాతి తెల్లదనాన్నీ తేటనూ కలిపి 'నీరు' అనేవారు. యూరప్ వర్తకులూ అదే మాట వాడారు. వాళ్లు ముడి రాయిని పగటి వెలుతురులో చూసేవారు. మనవాళ్లు రాత్రిపూట, గోడలో అడుగు చదరం గూడు కట్టి, అందులో లావు వత్తి దీపం పెట్టి, ఆ వెలుగులో రాయిని వేళ్ల మధ్య తిప్పి చూసేవారని టావెర్నియర్ అంటాడు. దాగి ఉన్న నీలి ఛాయను పట్టడానికి ఇంకో ఉపాయం చెప్పాడు: రాయిని దట్టంగా ఆకులున్న చెట్టు కిందికి తీసుకెళ్లాలి. ఆ పచ్చని నీడలో నీలం ఉంటే బయటపడుతుంది. ఒక వెలుతురు దాచిన రంగును ఇంకో వెలుతురు చూపిస్తుందన్నది నాటి వర్తకుడు కంటితో నేర్చిన పాఠం.

రంగుకు కారణం మాత్రం అతనికి అందలేదు. ఎర్రమట్టి గనిలో రాయికి ఎరుపు వస్తుందని, చిత్తడినేలలో నలుపు దిగుతుందని స్థానికుల నమ్మకాన్నే రాసుకున్నాడు.

ఆ గనుల సిరిని అనుభవించిన గోల్కొండ సుల్తానుల్లో చివరివాడు తానీషా. మన నేలకొండపల్లి కంచర్ల గోపన్న ఆయన కొలువులోనే పాల్వంచ పరగణా తహసీల్దారు. భద్రాద్రి రాముడికి చేయించిన పతకాలకు, నగలకు అయిన ఖర్చును జైల్లో కూర్చుని వరహాల్లో ఏకరువు పెట్టినవాడు ఆయనే. నగ మోజూ నగ లెక్కా రెండూ ఈ అడవి అంచుకు అప్పుడే తెలుసు.

తెలుపు గెలిచిన వేళ

కొల్లూరు రాళ్లు ఎందుకంత పేరు మోశాయి? చాలావరకు వాటి తెల్లదనం వల్ల. 1698 ప్రాంతంలో దొరికిన రాయిని మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702లో కొన్నాడు. సానపట్టాక 140.64 క్యారెట్లు తూగిన ఆ రీజెంట్ వజ్రం ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కృష్ణా ఒడ్డు నుంచి రంగు రాళ్లూ వెళ్లాయి. టావెర్నియర్ పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి రాయి కొల్లూరుదేనని చాలామంది నమ్మకం. అదే చెక్కులు మారి, 45.52 క్యారెట్ల హోప్ వజ్రంగా అమెరికా స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. నిజాం నగల్లోంచి వెళ్లిన 34.65 క్యారెట్ల గులాబీ రంగు గోల్కొండ వజ్రానికి 1960లో 'ప్రిన్సీ' అని పేరు పెట్టారు. అది బరోడా మహారాణి సీతాదేవి కొడుకు ముద్దుపేరు. ఆమె పిఠాపురం ఆడపడుచు. 2013లో న్యూయార్క్ వేలంలో ఆ రాయి సుమారు 3.93 కోట్ల డాలర్లు పలికింది. రంగు గాఢమైతే రాజరికం, లేతగా ఉంటే లోపం. ఈ విచిత్రమైన లెక్క స్థిరపడింది మాత్రం ఆఫ్రికా గనులు తెరుచుకున్నాకే.

1866–67లో దక్షిణాఫ్రికాలో ఒక కుర్రాడికి దొరికిన తొలి వజ్రం యురేకా లేత పసుపు ఛాయదే. తరవాత కింబర్లీ గనుల నుంచి రాళ్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. వాటిలో పసుపు ఛాయ ఉన్నవి ఎక్కువ. వాటికి వర్తకులు పెట్టిన పేరు 'కేప్', అక్కడి వలస రాజ్యం పేరే. ఏటి ఒండ్రులో దొరికే తెల్లనివి 'రివర్', వెసెల్టన్ గనివైతే 'వెసెల్టన్', ఆ తరవాత 'క్రిస్టల్', 'టాప్ కేప్', 'కేప్'. అంటే రంగుకు చాలావరకు రాయి దొరికిన చోటి పేర్లే పెట్టారు. పసుపు బజారు నిండా దొరికేసరికి చవకైంది, తెలుపు అరుదై పైకెక్కింది. మన రాజుల పసుపు అక్కడ మెట్టు దిగింది.

అమెరికా షాపుల్లో ఇంకో గందరగోళం. ఒకడు మంచి రాయిని 'ఏ' అంటే, పక్కవాడు 'డబుల్ ఏ', మూడోవాడు 'ట్రిపుల్ ఏ' అనేవాడు. 1931లో రాబర్ట్ షిప్లీ జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికాను, అంటే జీఐఏను స్థాపించాడు. అక్కడి రిచర్డ్ లిడికోట్ 1953లో కొత్త కొలమానం తెచ్చాడు. పాత 'ఏ'ల కంపు తగలకుండా 'డి' నుంచి మొదలుపెట్టి 'జెడ్' దాకా వెళ్లాడు. 'డి', 'ఇ', 'ఎఫ్' రంగు లేనివి. 'జి' నుంచి 'జె' దాకా దాదాపు రంగు లేనివి. 'కె' నుంచి 'ఎమ్' దాకా లేత ఛాయ. 'జెడ్' దాటి గాఢమైన పసుపైతే మళ్లీ అపురూపం, మళ్లీ ఎక్కువ ధర. పరీక్షించే పద్ధతీ కట్టుదిట్టం చేశారు: ఒకే రకం వెలుతురు, తెల్లని తట్ట, పక్కన నమూనా రాళ్లు, రాయిని తలకిందులుగా పెట్టి పక్క నుంచి చూడటం. మెరుపు కన్ను చెదరగొట్టకుండా ఉండటానికే ఆ తలకిందులు. అయితే వేలికి పెట్టుకున్న రాయిని ఎవరూ తలకిందులుగా చూడరు.

బొగ్గు, వజ్రం, గాలి

మన సత్తుపల్లిలో, కొత్తగూడెంలో భూమిలోంచి తీసే బొగ్గూ కర్బనమే, వజ్రమూ కర్బనమే. అందుకే బొగ్గు ముదిరితే వజ్రమవుతుందనే మాట మన వైపు వాడుకలో ఉంది. అది నిజం కాదు. మన బొగ్గు సుమారు పాతిక కోట్ల ఏళ్ల నాటి చెట్లది. వజ్రకరూరు వైపు వజ్రాల్ని పైకి తెచ్చిన అగ్నిశిలలు 110 కోట్ల ఏళ్ల నాటివి. అప్పటికి నేల మీద చెట్టే పుట్టలేదు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని చెప్పిన భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్, ఆ మరుసటి ఏడే కడప, కర్నూలు శిలల మీద అచ్చయిన తన నివేదికలో బనగానపల్లె వజ్రపు పొరల గురించీ రాశాడు. బొగ్గునూ వజ్రాన్నీ ఒకే కన్ను చూసింది.

మరి రంగు ఎక్కడిది? 1934లో శాస్త్రవేత్తలు వజ్రాలను రెండు రకాలుగా విడదీశారు. 1959లో ఆ తేడాకు కారణం నైట్రోజన్ అని తేలింది. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగంగా ఉండే వాయువే అది. కర్బనం మధ్య నైట్రోజన్ ఇరుక్కుంటే పసుపు, బోరాన్ ఇరుక్కుంటే నీలం. నైట్రోజన్ దాదాపు లేని రాళ్లను 'టైప్ 2ఏ' అంటారు. సహజ వజ్రాల్లో అవి నూటికి ఒకటో రెండో. గోల్కొండ మేలిరాళ్లలో చాలావరకు ఈ రకమే. మట్టి రంగు వజ్రానికి దిగుతుందన్న కొల్లూరు నమ్మకానికి అలా జవాబు దొరికింది. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది.

గోల్కొండ తెల్లదనం ఇప్పుడు యంత్రంలో కూడా పుడుతోంది. 1954లో అమెరికాలో ప్రయోగశాలలో వజ్రం చేశారు. ఇప్పుడు మీథేన్ వాయువు నుంచి పొరలు పొరలుగా పెంచే పద్ధతిలో వచ్చేవి ఎక్కువగా టైప్ 2ఏ రాళ్లే. 2023 కేంద్ర బడ్జెట్ ఈ పరిశ్రమకు చేయూతనిచ్చింది, ఐఐటీ మద్రాసుకు పరిశోధన నిధులూ ఇచ్చారు. 2025లో జీఐఏ ప్రయోగశాల వజ్రాలకు 'డి' నుంచి 'జెడ్' అక్షరాలు ఇవ్వడం మానేసి, 'ప్రీమియం', 'స్టాండర్డ్' అనే రెండు మాటలతో సరిపెట్టింది. తెలుపు అందరికీ దొరికేసరికి మెట్ల అవసరమే తగ్గిపోయింది. ఒకప్పుడు కింబర్లీ పసుపుకు పట్టిన గతే ఇది.

చేతిలో ఉన్న డబ్బుకు ఏ అక్షరం?

ఇంత కథా చెప్పే తీర్పు చిన్నదే. అక్షరం కొలిచేది అరుదుదనాన్ని, అందాన్ని కాదు. మన ఇళ్లలో ఉంగరం పసుపు బంగారానిదే. ఆ బంగారపు ఛాయ రాతిలో ఎలాగూ పడుతుంది. అందులో 'డి' పెట్టడం, పసుపు నీళ్ల గిన్నెలో మల్లెపువ్వు వేసి తెల్లగా ఉందా అని చూడటమే. పసుపు బంగారంలో 'ఐ', 'జె' చక్కగా ఒదుగుతాయి, చిన్న రాయైతే 'కె' కూడా. తెల్ల బంగారమో ప్లాటినమో అయితే 'జి', 'హెచ్' చాలు. రాయి పెద్దదవుతున్న కొద్దీ రంగు తెలుస్తుంది. గుండ్రని బ్రిలియంట్ చెక్కు రంగును దాచుకుంటుంది, పలకల చెక్కు బయటపెడుతుంది. మిగిలిన డబ్బు సాన మీద పెట్టండి. సాన బాగుంటే 'జె' రాయి కూడా వెలుగుతుంది, సాన చెడితే 'డి' కూడా గాజుపెంకే. ప్రయోగశాల రాయి కొంటే అదేనని బిల్లు మీద రాయించుకోండి. తిరిగి అమ్మితే ఎంత వస్తుందో ముందే అడగండి. సహజమైనదైతే పేరున్న ప్రయోగశాల సర్టిఫికెట్టు తీసుకోండి, అందులో ఉన్న నంబరూ రాతి నడుము మీద చెక్కిన నంబరూ ఒకటేనేమో చూసుకోండి.

చివరగా, షాపు దీపాల కింద తేల్చుకోకండి. అవి రాయిని మెరిపించడానికే పెట్టినవి. రెండు ఉంగరాలు తీసుకుని గుమ్మం దాకా రండి. బయట వేపచెట్టో కానుగచెట్టో ఉంటే ఇంకా మంచిది. ఆ నీడలో పెళ్లికూతురి వేలికి ఒకదాని తరవాత ఒకటి పెట్టి, చేయి చాచినంత దూరంలో చూడండి. తేడా మీ కంటికి ఆనకపోతే, ఆ తేడాకు డబ్బు కట్టకండి.