చెదపురుగు: కీటకవర్గ నిర్ణయమున లక్షణవిచారము

తాళపత్రగ్రంథములను సేకరించువారికి చెదపురుగు చిరపరిచితమైన శత్రువు. దీని వాతబడి నశించిన ప్రతులు పెక్కులు. అట్టి ప్రాణి యే వర్గమునకు జెందునో తేల్చుటకు శాస్త్రజ్ఞులకు సుమారు రెండున్నర శతాబ్దములు పట్టినది. లక్షణనిర్ణయమున గల చిక్కుల నీ చరిత్రము చక్కగా దెలుపును.

ఆకారమును బట్టి క్రిములను విభజించుట మనదేశమున ప్రాచీనమే. సుశ్రుతసంహిత కల్పస్థానమున చీమలాఱు విధములుగను, ఈగలాఱు విధములుగను, దోమలైదు విధములుగను జెప్పబడినవి. స్థూలశీర్ష, చిత్రవర్ణ యను పిపీలికానామములకు తల పరిమాణమును, మేనిరంగును ఆధారములు. అయితే అచ్చటి ప్రయోజనము విషచికిత్సయే కాని సకలకీటకములకు నొక క్రమమును గల్పించుట కాదు.

అట్టి క్రమమును స్వీడనుదేశీయుడగు లిన్నేయసు 1758లో వెలువడిన ప్రకృతివ్యవస్థాగ్రంథపు పదియవ కూర్పున జూపెను. అతడు ఱెక్కలను ప్రధానలక్షణముగా గొని కీటకముల నేడు వర్గములుగా విభజించెను. ముందుఱెక్కలు పెంకులవలె గట్టిపడినవి పేడపురుగు మున్నగునవి. ఱెక్కలపై పొలుసులు గలవి సీతాకోకచిలుకలు. రెండే ఱెక్కలు గలవి ఈగలు, దోమలు. ఱెక్కలు లేనివి కడపటి వర్గము. చెదపురుగు నతడు పేలతోడను, సాలెపురుగులతోడను ఈ కడపటి వర్గమున జేర్చెను.

ఈ నిర్ణయమునకు ఉసిళ్లే ప్రతికూలసాక్ష్యము. తొలకరివానలకు వెలువడి దీపముల చుట్టు ముసురు ఉసిళ్లు చెదపురుగులలో ఱెక్కలు గలవియే. నేలకు దిగిన పిమ్మట అవి ఱెక్కలను రాల్చును. పుట్టలో పాటుపడునవి యెన్నడును ఱెక్కలు లేనివి. ఒకే సంతతియందు రెండు రూపములుండగా ఱెక్కల నొక్కటినే ప్రమాణముగా గొన్న విభాగము తడబడుట సహజము.

లిన్నేయసు శిష్యుడగు ఫాబ్రిషియసు 1775లో ఱెక్కలకు మాఱుగా నోటియవయవములను ప్రమాణముగా గొనెను. అతనికి మనదేశపు కీటకములను బంపినవారిలో కోనిగు ముఖ్యుడు. ఇతడును లిన్నేయసు శిష్యుడే. 1768లో తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, చెదపురుగుల జీవితమును స్వయముగా బరిశీలించి, 1779లో జర్మనుభాషయందు వ్యాసము ప్రకటించెను. 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున నితడు మృతినొందెను.

పుట్టలను చీమలు పెట్టునని మన లోకవాడుక. ఆంగ్లేయులును ఈ పురుగును తెల్లచీమ యనిరి. గుంపుగూడి బ్రతుకుటయే ఈ భ్రాంతికి మూలము. అవయవములను జూచినచో భేదము స్పష్టము. చీమ నడుము దారమువలె సన్నము, స్పర్శశృంగములు మోచేయివలె వంగినవి, ముందుఱెక్కలు వెనుకవానికంటె పెద్దవి. చెదపురుగు నడుము వెడల్పు, శృంగములు పూసలపేరువలె తిన్ననివి, నాలుగు ఱెక్కలు నించుమించు సమానములు. ఈ సమత్వమును బట్టియే ఫ్రెంచి పండితుడు బ్రుల్లే 1832లో దీనికి సమపక్షవర్గమను ప్రత్యేకస్థానము నిచ్చెను.

అదియు తుదినిర్ణయము కాలేదు. కొయ్యను దిను నొక బొద్దింక ప్రేగులలోని సూక్ష్మజీవులు చెదపురుగు ప్రేగులలోనివానిని బోలియుండుటను 1934లో క్లీవ్‌లండు వివరించెను. ఆస్ట్రేలియాయందలి యొక చెదజాతి బొద్దింకవలె గ్రుడ్లను గుత్తిగా బెట్టును. 2007లో వంశబీజద్రవ్యపరీక్ష వలన చెదపురుగులు బొద్దింకల వంశములోనివేయని స్థిరపడినది.

కావున చెద చీమకు జ్ఞాతి కాదు, బొద్దింకకు జ్ఞాతి. ఒక్క లక్షణమును జూచి యొకరు, పోలికను జూచి వేఱొకరు పొరబడిరి. అవయవములన్నింటితోపాటు జీవితక్రమమునుగూడ జూచినప్పుడే వర్గము తేలినది. నిఘంటుకర్తలును, బాలురకు బోధించు పండితులును చెదశబ్దమునకు తెల్లచీమ యని యర్థము చెప్పుట మానుట యుక్తము.