అంజి లేని అమృతం

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు అదే. జీ5లో 'అమృతం ద్వితీయం' మొదలైన రోజూ అదే. మూడు రోజులు తిరక్కుండానే, 28వ తేదీ నుంచి, దూరదర్శన్ వాళ్లు రామానంద్ సాగర్ 'రామాయణ్'ని పాత పెట్టెలోంచి తీసి మళ్లీ వెయ్యడం మొదలుపెట్టారు. నేను అప్పటికే హైదరాబాద్‌లో గదికి తాళం వేసి, లాప్‌టాప్ సర్దుకుని ధర్మసాగర్‌లో మా ఇంటికి చేరిపోయాను. ఒకే వారం, ఒకే ఇల్లు, ఎప్పుడో అయిపోయిన రెండు సీరియళ్లు. ఒకటి కొత్తగా తీసింది, ఒకటి ఉన్నదున్నట్టు వేసింది. ఇంత శుభ్రమైన ఏ/బీ టెస్ట్ మా ఆఫీసులో ఎన్నడూ చెయ్యలేదు.

ఫలితం మీకు తెలిసిందే. ఏప్రిల్ 16న 'రామాయణ్'ని 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించుకుంది. ఆ లెక్క మీద గొడవలు జరిగాయి, అది వేరే సంగతి. మా ఇంట్లో లెక్క మాత్రం ఖాయం: బాపు ఒక్క రోజు కూడా వదల్లేదు. 1987లో మా వాడకట్టులో ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు నిలబడి చూసిన మనిషి, ఈసారి మంచం మీద కూర్చుని అవే బాణాలు ఆకాశంలో ఎదురెదురుగా వచ్చి ఢీకొట్టుకోవడం అంతే శ్రద్ధగా చూశాడు. అదే సాగర్ సంస్థ 2008లో ఎన్డీటీవీ ఇమాజిన్ కోసం రామాయణాన్ని మళ్లీ తీసింది. గ్రాఫిక్స్ మెరుగు, నటులు కొత్త. దాన్ని బాపు చూసినట్టు నాకు గుర్తు లేదు. 2020లో దూరదర్శన్ కూడా దాని జోలికి పోలేదు.

నేను ఎదురు చూసింది మాత్రం 'అమృతం' కోసం.

ఇరవై ఏళ్ల వాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 'లిటిల్ సోల్జర్స్' (1996) తీసిన గుణ్ణం గంగరాజు నిర్మాతగా 2001 నవంబర్ 18న జెమిని టీవీలో మొదలైన హాస్య ధారావాహిక ఇది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చేది. 2007 నవంబర్ దాకా, 313 ఎపిసోడ్లు. మొదట్లో కొన్ని ఎపిసోడ్లు తీసిన చంద్రశేఖర్ యేలేటి తర్వాత 'ఐతే' తీశాడు. చాలా ఎపిసోడ్ల వెనక ఎస్.ఎస్. కాంచీ ఉన్నాడు. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. అమృతరావు, అతని స్నేహితుడు ఆంజనేయులు కలిసి 'అమృత విలాస్' అని ఒక హోటల్ నడుపుతారు. సర్వర్ సర్వం, ఇంటి ఓనరు అప్పాజీ, ఇద్దరి భార్యలు. వారానికొక పథకం, వారానికొక బోల్తా. మళ్లీ ఆదివారానికి అందరూ మొదటికే వచ్చేవాళ్లు. మా వృత్తి భాషలో చెప్పాలంటే స్టేట్‌లెస్. పోయిన వారం జరిగినదేదీ ఈ వారం గుర్తుండదు.

అత్తాకోడళ్ల ఏడుపుల మధ్య అరగంట సేపు ఎవరూ ఏడవని సీరియల్ అది. మా ఇంట్లో ముగ్గురం చూసేవాళ్లం. అమ్మ అన్నం గిన్నెలు ముందు పెట్టుకుని, బాపు గోడకి ఆనుకుని, నేను టీవీకి ఎంత దగ్గర కూర్చుంటే తిట్లు పడవో అంత దగ్గర. అప్పట్లో మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోయేదో చెప్పలేం. పోతే ఆ వారం కథ పోయినట్టే, సోమవారం బళ్లో ఎవరో ఒకరు చెబితే వినాల్సిందే. అందులో మాట్లాడే తెలుగు మా ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు. అమ్మ చాలా జోకులకి ఒక క్షణం ఆలస్యంగా నవ్వేది. గుండు హనుమంతరావు కనపడితే మాత్రం మాట రాకముందే నవ్వేది.

'అమృతం' అభిమానులు ఎప్పుడూ చెప్పుకునే విచిత్రం ఒకటుంది. టైటిల్ పాత్రని ఆరేళ్లలో ముగ్గురు వేశారు. మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. భార్యల పాత్రల్లోనూ మొహాలు మారాయి. సీరియల్ ఆగలేదు, చూసేవాళ్లు తగ్గలేదు. ఒక ఆదివారం అమృతరావు వేరే మనిషైపోతే కాసేపు గుర్రుగా చూశాం, రెండో ఆదివారం అలవాటైంది, మూడో ఆదివారానికి మర్చిపోయాం. అంజి మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒక్కడే. అమృతరావు ఏ మొహంతో వచ్చినా "వీడే అమృతం" అని మనకి హామీ ఇచ్చింది పక్కన ఉన్న అంజి. సిరివెన్నెల రాసి కల్యాణి మాలిక్ స్వరపరిచిన టైటిల్ పాట గుర్తు తెచ్చుకోండి. సీరియల్ పేరు అమృతం, పాట పిలిచేది ఆంజనేయుల్ని! మధ్యలో ఎవరున్నారో ఆ పాట రాసినాయనకి ముందే తెలిసినట్టుంది.

దీన్ని తిరిగి బతికించే ప్రయత్నం 2020 కంటే ముందే ఒకటి జరిగింది. 2014లో గంగరాజే స్వయంగా 'చందమామలో అమృతం' సినిమా తీశాడు. అమృతంగా అవసరాల శ్రీనివాస్, అంజిగా హరీష్ కోయలగుండ్ల. అప్పాజీ, సర్వం పాతవాళ్లే. హోటల్ చంద్రమండలం మీద. ఊహ బాగుంది, ధైర్యమూ బాగుంది, థియేటర్లలో మాత్రం నిలవలేదు. నేను హన్మకొండలో చూశాను. ఇద్దరు హీరోలూ ఒకేసారి కొత్తవాళ్లు కావడంతో, ఎవరు ఎవరో చెప్పడానికి పాత హామీదారు లేకుండా పోయాడు. ఇంకేదో మంచి ఐడియాకి 'అమృతం' బోర్డు తగిలించినట్టుంది.

2020 వాళ్లు ఆ పొరపాటు చెయ్యలేదు. హర్షవర్ధన్ తిరిగొచ్చాడు. అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి తిరిగొచ్చారు. కానీ గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరి 19న చనిపోయాడు. అంజిగా ఎల్.బి. శ్రీరామ్ వచ్చాడు.

మొదటి ఎపిసోడ్‌ని ఫోన్‌లోంచి టీవీకి కలిపి పెట్టాను. బాపు ఐదు నిమిషాలు చూసి అడిగాడు.

"గుండాయన ఏడిరా?"

"పోయిండు బాపూ. రెండేండ్లాయె."

ఆయనకి తెలీదు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి పోయిండని చెప్పొచ్చు గదా" అన్నాడు.

తెర మీద ఎల్.బి. శ్రీరామ్ ఏదో అంటున్నాడు. బాపు లేచి బయటికి పోయాడు.

ఎల్.బి. శ్రీరామ్ మీద నాకే ఫిర్యాదూ లేదు. ఇ.వి.వి. సినిమాలకి ఆయన రాసిన మాటల మీద పెరిగినవాణ్ణి. నటుడిగా గుండు హనుమంతరావు కంటే ఆయనే పెద్ద అని ఎవరైనా అంటే వాదించను. చిక్కు ఎక్కడంటే, ఆయన ఎల్.బి. శ్రీరామ్‌లాగే బాగుంటాడు. ఆ యాస, ఆ సాగదీత వినగానే ఆయన మిగతా పాత్రలన్నీ గుర్తొస్తాయి. గుండు హనుమంతరావు అంజి చేసింది దాదాపు ఏమీ లేదు. పక్కన మిత్రుడు కొంప ముంచే పథకం చెబుతుంటే, మునిగేది తనేనని తెలిసీ తలూపే మొహం ఒకటి పెట్టేవాడు. అంతే. ఆ మొహాన్ని ఇంకొకరికి బదిలీ చెయ్యడానికి అది డైలాగు కాదు.

మన దగ్గర పాత్రలు చేతులు మారడం కొత్తా అంటే, కాదు. సురభి నాటకాల్లో తండ్రి కట్టిన వేషం కొడుకు కడతాడు, ఎవరూ నొచ్చుకోరు. మా వైపు చిందు భాగోతంలో వేషాలు కూడా కుటుంబాల్లో అలాగే దిగుతాయి. ఎన్టీఆర్ తర్వాత కూడా కృష్ణుడు ఉన్నాడు. అభిమానులకి మొండితనం ఎక్కువ, కొత్తవాళ్లని ఒప్పుకోరు అనే మాట అందుకే నేను ఒప్పుకోను. కృష్ణుడికి నటుడి కంటే ముందు ఒక పురాణం ఉంది. ఏ నటుడైనా దాంట్లోకి నడిచి వస్తాడు, నచ్చకపోతే మనం పురాణానికి తిరిగి వెళ్తాం. అంజికి ముందు ఏమీ లేదు. ఆరేళ్ల ఆదివారాలే ఆయన పురాణం, ఆ ఆదివారాలన్నిట్లో ఉన్నది ఒకే మనిషి.

మరి అమృతరావు రెండుసార్లు మారాడు కదా? మారాడు, కానీ సీరియల్ నడుస్తుండగా మారాడు. వారం వారం వచ్చే కథకి గాయం దానంతటదే మానుతుంది. వచ్చే ఆదివారం ఇంకో కుట్టు పడుతుంది. పదమూడేళ్లు ఆగిపోయాక అలా మానదు. ఈ మధ్యలో మనం కూర్చుని లెక్క పెట్టుకుని ఉంటాం: ఎవరున్నారు, ఎవరు లేరు.

బాపు అన్న మాటని వేరే చోట్ల చేసి చూపించినవాళ్లున్నారు. అమెరికన్ కామెడీ 'చియర్స్'లో కోచ్ పాత్ర వేసిన నికొలస్ కొలసాంటో 1985లో చనిపోయాడు. వాళ్లు ఇంకో కోచ్‌ని తేలేదు. కోచ్ పోయాడని కథలోనే చెప్పి, వూడీ అనే వేరే కుర్రాణ్ణి పనిలో పెట్టుకున్నారు. కొలసాంటో డ్రెస్సింగ్ రూములో ఉండే ఒక ఫొటోని సెట్‌లో గోడకి తగిలించారు. 1993లో ఆఖరి ఎపిసోడ్ ఆఖర్లో హీరో వెళ్లి ఆ ఫొటోని సరిచేస్తాడు. కామెడీయే, నవ్వులు తగ్గలేదు. డేవిడ్ లించ్ 'ట్విన్ పీక్స్' మొదట 1990-91లో వచ్చింది, మళ్లీ 2017లో వచ్చింది. షెరిఫ్ హ్యారీ ట్రూమన్ వేసిన మైకేల్ ఆంట్‌కీన్ రానన్నాడు. లించ్ ఆ పాత్రని ఇంకొకరికి ఇవ్వలేదు. హ్యారీకి ఒంట్లో బాగోలేదన్నాడు, అతని అన్న ఫ్రాంక్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఫ్రాంక్ ఫోన్‌లో తమ్ముణ్ణి పలకరిస్తుంటే అవతలి గొంతు మనకి వినపడదు. ఆ పద్దెనిమిది భాగాలు నాకు సగం అర్థం కాలేదు, కానీ పాతికేళ్లు గడిచిన సంగతి దాచిపెట్టారని మాత్రం ఎక్కడా అనిపించలేదు.

అమృతరావు ఒక్కడే 'అమృత విలాస్'లో నిలబడి, గల్లా వెనక అంజి ఫొటో ఉండి, ఎల్.బి. శ్రీరామ్ ఆ అంజికి అన్నగానో బాబాయిగానో లెక్కలు చూడ్డానికి వచ్చి ఉంటే? తెలుగువాళ్లు కామెడీలో దండేసిన ఫొటోని భరించరు అని నిర్మాతలు భయపడ్డారేమో. నాకైతే భరిస్తారనే అనిపిస్తుంది. మన ఇళ్లలో టీవీలున్న గదుల్లోనే దండేసిన ఫొటోలూ ఉంటాయి. మా అమ్మ ఫొటో టీవీకి పైనే ఉంది, 2012 నుంచి. దాని కిందే అన్ని కామెడీలూ చూస్తున్నాం.

వయసు చిక్కు కూడా ఒకటి ఉంది. 2001లో ఇద్దరు మగవాళ్లు ఓనరుకి భయపడుతూ పథకాలు వేస్తుంటే మనకి నవ్వొచ్చింది, ఎందుకంటే ఎప్పటికో ఒకప్పటికి బాగుపడతారనే నమ్మకం అడుగున ఉండేది. పందొమ్మిదేళ్ల తర్వాత అదే ఓనరు ముందు అదే అమృతరావు నిలబడితే నవ్వొచ్చేలోపు ఒక దిగులు అడ్డం పడుతుంది. స్టేట్‌లెస్ కథ వయసు మీద పడ్డ మొహాలతో నడవదు. కథ మర్చిపోయినా మొహం మర్చిపోదు. దీని మీద మంచి కథ ఒకటి రాయొచ్చు, కానీ అది 'అమృతం' అవుతుందో లేదో.

నేను నాలుగైదు ఎపిసోడ్లు చూసి ఆపేశాను. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒకప్పుడు పెన్‌డ్రైవ్‌లో పాత 'అమృతం' పంచుకున్న మా బ్యాచ్‌లో చాలామందీ అంతే. తిట్టినవాళ్లు లేరు. "బానే ఉంది" అన్నారు, అభిమాని నోట అంతకంటే చెడ్డ మాట లేదు.

మే నెలలో ఒక రాత్రి, కరోనా వార్తలు చూడలేక, బాపు తనే అడిగాడు, పాతది ఉంటే పెట్టమని. యూట్యూబ్‌లో ఏది ముందు కనపడితే అది పెట్టాను. అందులో అమృతరావుగా ఉన్నది నరేషో శివాజీ రాజానో బాపు పట్టించుకోలేదు. టైటిల్ పాట వస్తుంటే ఎప్పటిలాగే ముందుకి జరపబోయాను.

"ఆగరా, రానీ" అన్నాడు.