ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలే, మరి బంగారం ఒకరికే ఎందుకు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం జిమ్ముల్లో పవర్‌లిఫ్టింగ్ పోటీకి రెడీ అవుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ కథ వినాల్సిందే.

2000 సెప్టెంబర్ 19. సిడ్నీ ఒలింపిక్స్, వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగం. మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఆఖరి ఛాన్స్‌లో బంగారం కోసం 137.5 పెట్టించింది. అది అందలేదు, కాంస్యం దక్కింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమే.

ఆమెకు పైన నిలిచిన ఇద్దరూ, చైనా లిన్ వెయ్‌నింగ్, హంగరీ మార్కుష్, ఎత్తింది సమానమే: 242.5. బంగారం మాత్రం లిన్‌కి. ఎందుకంటే ఆమె ఒంటి బరువు తక్కువ!

పవర్‌లిఫ్టింగ్‌లోనూ టోటల్ సమానమైతే ఒంటి బరువే తేలుస్తుంది. అలాగని నీళ్లు మానేసి కాటా ఎక్కొద్దు. తూకం మొదలయ్యేది పోటీకి రెండు గంటల ముందే, అంతలో ఒళ్లు కోలుకోదు. తూకం అయ్యాక ఇడ్లీ, అరటిపండు, ఉప్పేసిన మజ్జిగ, కొంచెం కొంచెంగా తీసుకోండి. కొత్త తిండి వద్దు. సంగటి, మటన్ పులుసు పోటీ అయ్యాక!

ఇంకోటి, మొదటి లిఫ్ట్ తప్పకుండా లేచే బరువే పెట్టండి. ఒకే లిఫ్ట్‌లో మూడు ఛాన్సులూ పోతే టోటలే ఉండదు.