అరలీటరు తగాదా
సూపర్‌చార్జరు మోటారు సైకిళ్ళ కథ

2014 సెప్టెంబరు నెలలో జపాను దేశపు కవాసాకి కంపెనీ ఒక కొత్త మోటారు సైకిలును గూర్చి జనులను ఊరించుట మొదలుపెట్టెను. బండిని పూర్తిగా చూపలేదు. చిన్న చిన్న చలనచిత్రపు తునకలను విడుదల చేయుచు పేరు మాత్రము చెప్పెను: నింజా హెచ్-2. పాత హెచ్-2 1971లో వచ్చిన 750 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల బండి. వేగమునకు ఎంత పేరో, అదుపు తప్పుటకును అంత పేరు. ఆ పేరును మరల పైకి తీసిరనగా ఏదో గట్టి సంగతియే ఉండవలెనని మోటారు సైకిలు ప్రియులు తలపోసిరి. ఆ నెల 30వ తేదీన జర్మనీలోని కొలోను నగరపు ప్రదర్శనలో తెర తొలగినది. హెచ్-2ఆర్ అను ఆ బండి ఇంజను 998 ఘన సెంటీమీటర్లు. శక్తి 310 అశ్వశక్తులు. నాటి మేలైన లీటరు బండ్లు 200 దగ్గర ఆగియుండెను.

ఇంత భేదమునకు ముఖ్య కారణము దాని సూపర్‌చార్జరు, అనగా గాలిని నొక్కి ఇంజనులోనికి పంపు యంత్రము. బండి కనబడిన నాడే వాదములును పుట్టినవి. ఇది ఇంజనీర్ల ఘనత అని ఒకరు, ఇది పరిమాణపు లెక్కను దాటుటయే అని మరొకరు. ఈ తగాదా అప్పటికే 75 ఏండ్ల నాటిది. దాని మూలమును తెలిసికొనుటకు ముందు ఇంజను ఊపిరి ఎట్టిదో చూడవలెను.

ఇంజను శక్తి పెట్రోలులో ఉన్నదని మనమందుము. అది సగము మాట. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారు 15 గ్రాముల గాలి కావలెను. పెట్రోలును కావలసినంత పోయవచ్చును. గాలిని తెచ్చుటయే కష్టము. మామూలు ఇంజనులో పిస్టను క్రిందికి దిగినపుడు వాయుమండలపు పీడనమే బయటి గాలిని లోపలికి త్రోయును. 500 ఘన సెంటీమీటర్ల సిలిండరు నిండుగా పీల్చినను దానిలో చేరు గాలి సుమారు 0.6 గ్రాము మాత్రమే. దానినే రెండింతల పీడనముతో నెట్టినచో ఎక్కువ గాలి, దానికి తగినట్లు ఎక్కువ పెట్రోలు, ఎక్కువ శక్తి.

అయితే ప్రకృతి ఉచితముగా ఏమియు ఇయ్యదు. సైకిలు పంపు కొట్టునపుడు దాని అడుగుభాగము వేడెక్కుటను విద్యార్థులందరు ఎరుగుదురు. 30 డిగ్రీల గాలిని, వేడి బయటికి పోనీయక, రెండింతల పీడనమునకు నొక్కినచో లెక్క ప్రకారము అది 96 డిగ్రీలకు చేరును. వేడి గాలి వ్యాకోచించును గనుక సాంద్రత రెట్టింపు కాదు; 1.64 రెట్లే అగును. పైగా అట్టి వేడి మిశ్రమము అకాలముగా పేలి పిస్టనును దెబ్బతీయును. సూపర్‌చార్జరును త్రిప్పుటకు ఇంజను తన శక్తిలోనే కొంత వెచ్చింపవలెను. ఇన్ని పోగా మిగులు లాభము కొరకే ఈ పాటు.

పందెములలో మోటారు సైకిళ్ళను సిలిండరు ఘనపరిమాణమును బట్టి 250, 350, 500 అని తరగతులుగా విభజించిరి. సిలిండరును కొలిచిరి గాని అందు చొచ్చు గాలిని ఎవరును కొలువలేదు. 1930 తరువాత జర్మనులు, ఇటలీవారు ఈ సందును బాగుగా ఉపయోగించుకొనిరి. 1938లో ఐల్ ఆఫ్ మాన్ దీవి టి.టి. పందెములలో, 250 తరగతిలో, ఇవాల్డ్ క్లూగె అను జర్మను తన డి.కె.డబ్ల్యు. బండిపై రెండవవానికంటె 11 నిమిషములకు పైగా ముందు వచ్చెను. మరుసటి ఏడు జూను 16వ తేదీన 500 తరగతిలో బి.ఎం.డబ్ల్యు. బండ్లే మొదటి రెండు స్థానములను గైకొనెను. మొదటివాడు గెయోర్గ్ మయర్. సగటు వేగము గంటకు 89.38 మైళ్ళు. ఆ బండి ఇంజను దాదాపు 60 అశ్వశక్తులు ఇచ్చెడిది. మన వీధులలో చిరకాలము తిరిగిన పాత 350 బుల్లెటు శక్తి 18 అశ్వశక్తులని తలచుకొన్నచో ఆ అరలీటరు ఇంజను ఎంత పని చేసెనో తెలియును. ఆ విజయమునకు వెల కూడ పెద్దదే. అదే జట్టులోని కార్ల్ గాల్ సాధన పరుగులలో పడి మరణించెను.

ఆంగ్లేయులకు ఇది మింగుడుపడలేదు. వారి నార్టను, వెలొసెట్ బండ్లు ఒంటి సిలిండరువి. ఒంటి సిలిండరు ఇంజను రెండు చుట్లకు ఒకసారి పెద్ద గుక్క వేయును. సూపర్‌చార్జరేమో ఎడతెగక గాలిని పంపుచుండును. ఆ రెండింటికి పొత్తు కుదరదు. వెలొసెట్ ఇంజనీరు హెరాల్డ్ విల్లిస్ ఈ సంగతిని స్వయముగా చవిచూచినవాడు. 1931లో ఒక 350 ఒంటి సిలిండరు బండికి సూపర్‌చార్జరు తగిలించి, దానికి విఫ్లింగ్ క్లారా అని వేడుక పేరు పెట్టెను. అది గెలువలేదు.

కాబట్టి 1939లో విల్లిస్ పూర్తిగా కొత్త బండి తెచ్చెను. రెండు సిలిండర్లు, ఎదురెదురుగా తిరుగు రెండు క్రాంకులు, వెనుక చక్రమునకు గొలుసు బదులు ఇరుసు. దాని పేరు రోరర్, అనగా గర్జించునది. ఆ ఏటి టి.టి. వద్ద అందరి కన్నులును దానిపైననే. సుప్రసిద్ధుడైన స్టాన్లీ వుడ్స్ దానిని సాధన పరుగులో నడిపెను గాని పందెమునకు సిద్ధము కాలేదని ప్రక్కకు పెట్టిరి. తాను పాత ఒంటి సిలిండరు బండిపై నాల్గవవాడుగా వచ్చెను. ఆ జూను నెలలోనే విల్లిస్ జబ్బుతో చనిపోయెను. సెప్టెంబరులో యుద్ధము వచ్చినది.

యుద్ధానంతరము 1946లో అంతర్జాతీయ మోటారు సైకిలు సంఘము తన పందెములలో సూపర్‌చార్జరును నిషేధించెను. రోరర్ ఒక్క పందెమునైనను చూడకయే పనికిరానిదయ్యెను. నిషేధమును సమర్థించినవారి మాటలు తేలికవి కావు. ఆనాడు దొరకు పెట్రోలు నాసిరకము. నొక్కిన గాలికి అది తాళలేదు. ఖర్చు ఎక్కువ, చిన్న కంపెనీలు నిలువలేవు. కాని నా మట్టుకు ఇది న్యాయముకంటె సౌలభ్యమును చూచిన తీర్పు. కారు పందెములవారు అదే చిక్కును మరియొక విధముగా విడదీసిరి. 1950లో మొదలైన ఫార్ములా వన్ ప్రపంచ పోటీలలో సూపర్‌చార్జరు గల ఇంజను 1500 ఘన సెంటీమీటర్లు, లేనిది 4500 వరకు ఉండవచ్చునని నిర్ణయించిరి. నిష్పత్తి సరియా కాదా అని వాదించుకొనిరి గాని తలుపు మూయలేదు.

తలుపు మూసికొన్నచోట ఒక విచిత్రము జరిగెను. ఏ.జె.ఎస్. కంపెనీ తన పార్క్యుపైన్, అనగా ముళ్ళపంది, అను బండిని సూపర్‌చార్జరు కొరకే రూపొందించియుండెను. దానికి చోటు విడుచుటకే సిలిండర్లను దాదాపు అడ్డముగా పరుండబెట్టిరి. నిషేధముతో ఆ చోటు ఖాళీ అయినది. సిలిండర్లు మాత్రము అట్లే పరుండియున్నవి. ఈ అర్ధశరీరముతోనే 1949లో, అనగా ప్రపంచ చాంపియనుషిప్ మొదలైన ఏటనే, లెస్ గ్రాహం 500 తరగతి విజేత అయ్యెను. ఆ ఏటి టి.టి.లో అందరికంటె ముందు పోవుచుండగా, చివరిలో మాగ్నెటో విరిగి, బండిని చేతులతో నెట్టుకొనుచు గమ్యము చేరెను.

యుద్ధమునకు పూర్వము సూపర్‌చార్జరుతో యూరపును గెలిచిన ఇటలీవారి జిలేరా కంపెనీ, ఆ పరికరము లేకుండనే నాలుగు సిలిండర్ల కొత్త ఇంజను తయారుచేసి, 1950-57 నడుమ 500 తరగతిని ఆరుమార్లు గెలిచెను. నిషేధము ఇంజనీరు చేతులను కట్టలేదు. వేరొక పనికి మరల్చినది. వేగపు రికార్డులకు మాత్రము ఆ ఆంక్ష లేదు. 1937లో ఎర్నెస్ట్ హెన్నె స్థాపించిన గంటకు 279.5 కిలోమీటర్ల రికార్డును 1951లో విల్హెల్మ్ హెర్ట్స్ 290కి పెంచెను. ఇద్దరివియు సూపర్‌చార్జరు బండ్లే.

ఇక మరల 2014కు. ఆ నవంబరులో మిలాను ప్రదర్శనలో కవాసాకివారు రోడ్డుపై నడుపదగిన హెచ్-2ను చూపిరి: 200 అశ్వశక్తులు, 238 కిలోలు. అదే ప్రదర్శనలో యమహావారి కొత్త ఆర్-1 నిలిచియుండెను. దాని ఇంజను కూడ 998 ఘన సెంటీమీటర్లే, శక్తి కూడ 200 అశ్వశక్తులే. సూపర్‌చార్జరు లేదు, బరువు 199 కిలోలు. మరి 39 కిలోలు అదనముగా మోయుట దేనికని విమర్శకులు అడిగిరి. మంచి ప్రశ్న. దానికి జవాబు అశ్వశక్తిలో లేదు, టార్కులో ఉన్నది. ఆర్-1 ఇంజను మెలిత్రిప్పు బలము 112.4 న్యూటను మీటర్లు, హెచ్-2ది 133.5. దానికిని 1,000 చుట్లు తక్కువలోనే అందును.

యంత్రముగా చూచినచో ఆ సూపర్‌చార్జరు మెచ్చదగినది. 69 మిల్లీమీటర్ల వ్యాసము గల చిన్న చక్రము, క్రాంకుకంటె సుమారు 9 రెట్ల వేగముతో, నిమిషమునకు 1,30,000 చుట్ల వరకు తిరుగును. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును: దాని అంచు సెకనుకు దాదాపు 470 మీటర్లు పోవుచున్నది; మన గదిలో ధ్వనివేగము సుమారు 345 మీటర్లు. దీనిని రూపొందించుటలో ఆ కంపెనీవారి గ్యాసు టర్బైను విభాగము పాల్గొనెను. నొక్కిన గాలిని చల్లార్చు ప్రత్యేక పరికరమును కూడ వారు పెట్టలేదు.

కాని 310 అశ్వశక్తుల హెచ్-2ఆర్ రోడ్డుపై నడుపుటకు వీలులేని బండి. ప్రపంచ సూపర్‌బైకు, మోటోజీపీ నియమములును సూపర్‌చార్జరును ఒప్పుకొనవు. తనకు తగిన పందెమే లేని పందెపు బండి అది. 2016 జూను 30న తుర్కీ దేశపు పందెగాడు కెనాన్ సోఫువొగ్లు ఉస్మాన్ గాజీ వంతెనపై దానిని నడుపగా 26 సెకనులలో మీటరు 400 కిలోమీటర్ల వేగము చూపినది. అది అధికారిక రికార్డు కాదు.

ఇటీవల 2024 నవంబరులో, అదే మిలానులో, హోండావారు మూడు సిలిండర్ల ఇంజను ఒకటి చూపిరి. దాని గాలి యంత్రమును త్రిప్పునది క్రాంకు కాదు, విద్యుత్తు మోటారు. కనుక ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు కూడ గాలి కావలసినంత అందును. మరుసటి ఏటి ప్రదర్శనకు దాని పరిమాణము 900 అని తెలిసినది. పని మాత్రము 1200 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో సమానమని హోండావారు చెప్పుచున్నారు. ఈ ఇంజనును 900 అనవలెనా, 1200 అనవలెనా అను వాదము మరల మొదలుకాక మానదు.