ఖాళీ గడిలో ఎవరున్నారు?

"తెలుగులో పిహెచ్.డి. చేసినదానివి, డేటాబేస్ వాళ్ల సభలో నువ్వేం మాట్లాడతావే?" అని అడిగింది మా అమ్మ. నా సందేహమూ అదే. డిగ్రీలో నాతో పాటు చదివి, తర్వాత కంప్యూటర్ల వైపు వెళ్లిపోయిన స్నేహితురాలొకతె ఇప్పుడు డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్. నా పరిశోధన కోసం పాత పత్రికల్లో రాసిన స్త్రీల పేర్లన్నీ ఒక పట్టికలో ఎక్కించుకోవడానికి నాకు సాయం చేసింది తనే. "మా వాళ్లంతా వేగం గురించీ బ్యాకప్‌ల గురించీ మాట్లాడతారు. అసలు పట్టికలోకి ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నది ఎవరూ మాట్లాడరు. నువ్వొచ్చి మాట్లాడు" అని పట్టుబట్టింది.

సభ శామీర్‌పేట అవతల ఒక రిసార్టులో. అల్వాల్, తూంకుంట దాటి రాజీవ్ రహదారి మీద వెళ్తుంటే చిన్నప్పటి ప్రయాణాలు గుర్తొచ్చాయి. మేడ్చల్, శామీర్‌పేట అంటే అప్పట్లో మాకు ద్రాక్షతోటలు. పందిళ్ల కింద వంగి గుత్తులు కోసే ఆడవాళ్లు బస్సులోంచి కనిపించేవాళ్లు. ఇప్పుడు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో మొదలైన బిట్స్ క్యాంపస్, జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు, వీటన్నిటినీ చుట్టిన ఔటర్ రింగు రోడ్డు. 2016 దాకా రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఇన్నిసార్లు చేతులు మారిన ఈ నేల కాగితాల్లో ఆ తోటల్లో పనిచేసిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా అనుకుంటూ సభకు చేరాను.

పొద్దుటి ప్రసంగాల్లో సగం నాకు అర్థం కాలేదు. ఒక పెద్దాయన చెప్పిన చరిత్ర మాత్రం శ్రద్ధగా విన్నాను. 1970లో ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాలలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ఒక వ్యాసం రాశాడు. అంతకు ముందు కంప్యూటర్లో ఒక వివరం కావాలంటే అది ఎక్కడుందో, ఏ దారిన వెళ్తే దొరుకుతుందో ప్రోగ్రాం రాసేవాళ్లకు తెలిసి ఉండాలి. కాడ్ సమాచారాన్నంతా అడ్డు వరుసలూ నిలువు వరుసలూ ఉన్న పట్టికలుగా ఊహించాడు. ఏం కావాలో అడిగితే చాలు, దారి వెతుక్కునే పని యంత్రానిది. ఆ దారి ఎంచుకునే పద్ధతిని వివరించిన 1979 నాటి ప్రసిద్ధ వ్యాసంలో మొదటి పేరు ఒక స్త్రీది, పాట్రీషియా సెలింజర్. పెద్దాయన ఆమె పేరు చెప్పలేదు, నా స్నేహితురాలు నా చెవిలో చెప్పింది. పట్టికల చరిత్ర చెప్పేటప్పుడు కూడా ఆడవాళ్ల పేరు పక్కవాళ్ల చెవిలో చెప్పుకోవలసి వస్తోందన్నమాట!

ఆ రోజు నేను నేర్చుకున్న వాటిలో నన్ను వదలనిది 'నల్'. పట్టికలో ఒక గడిలో ఏముండాలో తెలియకపోతే అక్కడ నల్ ఉంటుంది. అది సున్నా కాదు, లేదు అనీ కాదు. తెలియదు అని. దాని లక్షణాలు విచిత్రమైనవి. ఒక నల్‌ను ఇంకో నల్‌తో పోలిస్తే రెండూ సమానం అన్న జవాబు రాదు. అంటే పేరు తెలియని ఇద్దరు స్త్రీలు ఒకరేనేమో అని యంత్రాన్ని అడిగితే అది అవుననీ అనదు, కాదనీ అనదు. పేర్ల కాలమ్‌ను లెక్కపెట్టమంటే నల్ ఉన్న గడులను వదిలేసి మిగతావి లెక్కపెడుతుంది. ఇందులో యంత్రం తప్పేమీ లేదు, దానికి మనం నేర్పిన లెక్క అది. కానీ జనాభా లెక్కల నుంచి సాహిత్య చరిత్రల దాకా మనం చేస్తున్నదీ ఇదే కదా అనిపించింది.

నా వంతు వచ్చాక భండారు అచ్చమాంబతో మొదలుపెట్టాను. 1874లో పుట్టి 1905లోనే చనిపోయిన ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కోసం దేశంలోని స్త్రీల జీవితాలను సేకరించింది. 1901లో వెలువడిన ఆ పుస్తకాన్ని స్త్రీలను గురించి తెలుగులో ఒక స్త్రీ తయారుచేసిన తొలి సమాచార నిధి అనుకోవచ్చు. స్త్రీలు అబలలనీ తెలివిలేనివాళ్లనీ చెప్పేవాళ్లకు ఆమె వాదనతో సరిపెట్టలేదు, వరుసగా ఉదాహరణలు చూపించింది. కొమర్రాజు వారింట పుట్టి భండారు వారింటికి వెళ్లిన ఆమెను ఏ ఇంటిపేరు కింద వెతకాలి? కొమర్రాజు లక్ష్మణరావు జీవితమంతా ఒకే పేరుతో దొరుకుతాడు. ఆయన అక్క రెండు ఇళ్ల పేర్ల మధ్య ఉంటుంది. మనిషికొక మారని గుర్తు ఉండాలనే ప్రైమరీ కీ నియమం ఇంటిపేరు మారే స్త్రీల దగ్గరికి వచ్చేసరికి చిక్కుల్లో పడుతుంది. సభలో నవ్వులు వినిపించాయి. పెళ్లయ్యాక సర్టిఫికెట్లు మార్చుకున్న అమ్మాయిలు మాత్రం నవ్వలేదు.

తర్వాత ప్రశ్నలు. వెనక వరుసలోంచి ఒకమ్మాయి లేచి, "మేడం, మీ పట్టికలో పేరు తెలియని వాళ్లుంటారు కదా, వాళ్లనేం చేశారు?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 'ఒక సోదరి', 'ఒక వితంతువు', 'ఫలానా వారి ధర్మపత్ని' అన్న సంతకాలతో వచ్చిన రచనలు పాత పత్రికల్లో నాకు చాలానే తగిలాయి. రాసింది స్త్రీయేనా, ఆడపేరుతో మగవాళ్లు రాశారా అని తేల్చుకోలేక, సిద్ధాంత గ్రంథం గడువు దగ్గర పడుతుంటే ఆ వరుసలన్నీ తొలగించాను. 'నిర్ధారణకు అందనివి వదిలివేయబడినవి' అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. పరీక్షకులెవరూ దాన్ని ప్రశ్నించలేదు. "తీసేశాను" అన్నాను మైకులో. ఆ అమ్మాయి "ఓకే మేడం" అని కూర్చుంది. ఎత్తిపొడుపేమీ లేదు ఆ గొంతులో. అయినా మిగతా సభంతా నాకు ఆ ప్రశ్నే వినిపిస్తూ ఉండింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాట భూమి రికార్డుల మీదికి మళ్లింది. మళ్లక తప్పదు. మేము కూర్చున్న చోటికి దగ్గర్లోని మూడుచింతలపల్లిలోనే 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. ఒక రాష్ట్రపు వ్యవసాయ భూముల పట్టిక అంతా ఒక తెర మీదికి తెచ్చామన్న రోజది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. సాంకేతిక నిపుణులు సర్వర్ల గురించి వాదించుకున్నారు. నేను కాలమ్‌ల గురించి అడిగాను.

తెలంగాణలో భూమి హక్కులకు ఈనాటికీ మూలంగా చూసేది 1954-55 నాటి ఖాస్రా పహాణీని. తర్వాత ఏటేటా రాసిన పహాణీల్లో పట్టాదారు కాలమ్‌తో పాటు అనుభవదారు కాలమ్ ఉండేది. భూమి ఎవరిది అన్నది ఒక ప్రశ్న, దున్నుతున్నది ఎవరు అన్నది ఇంకో ప్రశ్న. రెండో గడి నిజాయితీగా నిండేదని నేననను. పట్వారీ కలం ఎటు మొగ్గేదో పల్లెల్లో అందరికీ తెలుసు. ఆ కాలమ్‌తోనే తగాదాలు పుడుతున్నాయన్న ప్రభుత్వ వాదన కూడా పూర్తిగా అబద్ధం కాదు. కానీ 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన తర్వాత ఆ కాలమ్ పోయింది. 2018లో రైతుబంధు డబ్బు పట్టాదారుకే వెళ్లింది. కౌలు రైతు పట్టికలో లేదు కాబట్టి రైతు కాకుండా పోయింది. ఒంటరిగానో, భర్త పోయాకనో కౌలుకు చేసుకునే ఆడవాళ్ల సంగతి చెప్పనవసరం లేదు. ఖాళీ గడి ఉంటే కనీసం ఇక్కడ ఎవరో ఉండాలి కదా అని అడగొచ్చు. కాలమ్‌నే తీసేస్తే ఆ ప్రశ్నకు చోటుండదు.

చాకలి ఐలమ్మ పట్టాదారు కాదు. పాలకుర్తిలో ఆమె సాగుచేసింది కౌలు భూమి. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల నుంచి ఆమె కాపాడుకున్నది ఆ భూమిలో పండిన తన పంటను. తెలంగాణ సాయుధ పోరాటం గురించి మాట్లాడేటప్పుడల్లా ఆమెను తలుచుకుంటాం. ఇప్పుడు కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరుంది. పట్టాదారు కాలమ్ ఒక్కటే ఉన్న రికార్డులో వెతికితే ఆమె దొరకదు. ఆమె గొంతు మనకు దక్కడానికి స్త్రీశక్తి సంఘటన స్త్రీలు టేపు రికార్డర్లు పట్టుకుని ఊళ్లు తిరగవలసి వచ్చింది. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' అలా తయారైంది. ఇంకో సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన వాళ్లకు అది వర్తించలేదు. ఐలమ్మ చనిపోయింది అయిదు రోజుల తర్వాత, సెప్టెంబర్ 10న. అందరు కూతుళ్లకూ ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. అయినా కౌలుదారు కూతురికి పంచుకోవడానికి ఏముంటుంది?

టీ కప్పులు తీస్తున్న ఒకామె మా మాటలు వింటూ నిలబడింది. యాభై దాటి ఉంటాయి. "మేమూ ఇక్కడ్నే చేసినం మేడం, ద్రాక్షతోటల. ఇగో ఈ పార్కింగు ఉన్నకాడ" అంది. "మీ భూమేనా?" అని అడిగాను. "మాదెట్లయితది? కౌలుది. పదేండ్లు చేసినం." తోట అమ్ముడుపోయిందని దొర చెప్పిన రోజే వీళ్లకు తెలిసిందట. "కాయితమేమన్న ఉండెనా?" అన్నాను. ఆమె నవ్వి ట్రే తీసుకుని వెళ్లిపోయింది. ఆ ప్రశ్న అడిగినందుకు సిగ్గేసింది. నేనూ కాగితమే అడిగాను.

మా ఇంట్లో ఒక పాత పహాణీ నకలు ఉంది. తాత మంచాన పడ్డ ఏడు సాగంతా నానమ్మే చేసింది. ఆ ఏడాది అనుభవదారు గడిలో తాత పేరు రాసి, పక్కన 'భార్య' అన్నారు. ఆమె పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. చిన్నప్పుడు నాకది అవమానంగా అనిపించేది. ఇప్పుడు ఆ రెండక్షరాలు కూడా సాక్ష్యమే అనిపిస్తోంది. వాటిని పట్టుకునే నేను ఆమె పేరు అక్కడ చేర్చగలను. అవీ లేకపోతే ఆ ఏడు ఆ చేనును ఎవరూ దున్నలేదన్నట్టే.

ఆ రాత్రి ఇంటికి వచ్చి నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. తొలగించిన వరుసలు పాత బ్యాకప్‌లో ఉన్నాయంది. అవి తిరిగి తెప్పించుకుని రెండు కాలమ్‌లు అదనంగా చేర్చాను. ఒకదానిలో సంతకం అచ్చయినది అచ్చయినట్టు, రెండోదానిలో నేను ఏ ఆధారంతో ఏమనుకుంటున్నానో. పేరు దగ్గర ఖాళీని ఖాళీగానే ఉంచాను. లెక్కపెట్టేటప్పుడు మాత్రం పేర్లను కాదు, వరుసలను లెక్కపెడుతున్నాను. సిద్ధాంత గ్రంథంలోని ఆ ఒక్క వాక్యాన్ని ఇప్పుడు మార్చలేను. పుస్తకంగా వేసేటప్పుడు మారుస్తాను. 'ఒక సోదరి' ఎవరో మీలో ఎవరికైనా, మీ ఇళ్లలోని పాత పత్రికల అంచుల మీద రాసిన పేర్ల వల్ల గానీ, అమ్మమ్మల మాటల వల్ల గానీ తెలిస్తే చెప్పండి. ఆ గడి మీకోసం తెరిచే ఉంది.