పిడచకట్టిన నోరు

“నోరు తెరవండి” అంది డాక్టర్.

అతను కుడిచెయ్యెత్తి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మొండితనం కాదు, అలవాటు. నవ్వొచ్చినా, ఆవులింతొచ్చినా, ఎవరైనా పేరడిగినా ఆ చెయ్యి దానంతటదే లేస్తుంది. అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఒక జైలు అది. కిటికీ లేని గది, నెత్తిమీద తెల్లటి దీపం, గుమ్మం దగ్గర గార్డు. కుర్చీలో ఉన్న మనిషికి ముప్పై నాలుగేళ్ళు. చెయ్యి తీశాక చూస్తే అరవై అంటారు ఎవరైనా.

అతనికి నేను పేరు పెట్టలేదు. అతను ఒక్కడైతే గదా పెట్టడానికి! 2000 తర్వాత అమెరికా జైళ్ళ గురించీ, అక్కడి పళ్ళ డాక్టర్ల గురించీ వచ్చిన కథనాల్లో, పరిశోధన పత్రాల్లో కనిపించే ఎందరినో కలిపి ఈ కుర్చీలో కూర్చోబెట్టాను. డాక్టరూ అంతే. వాళ్ళ మాటలు నేను అల్లినవి. పళ్ళకి జరిగింది మాత్రం అల్లిక కాదు. కింద వచ్చే ఊళ్ళు, సంవత్సరాలు, పరిశోధనల అంకెలు కూడా కాదు.

డాక్టర్ చిన్న అద్దాన్ని లోపలికి పోనిచ్చింది. అది అతని బుగ్గకి అతుక్కుపోయింది. నెమ్మదిగా తిప్పి విడిపించుకోవాల్సి వచ్చింది. మామూలు నోట్లో అద్దం జారుతుంది. ఆమెకి సగం అక్కడే అర్థమైపోయింది, పళ్ళు ఇంకా చూడనేలేదు.

తర్వాత చూసింది. ముందు పళ్ళు చిగుళ్ళని ఆనుకున్న చోట ఎలక కొరికినట్టు చుట్టూ తినేసి ఉన్నాయి. బూడిదా మసీ కలిసిన రంగు. పన్నుకీ పన్నుకీ మధ్య మరీను. మామూలుగా పుచ్చు దవడపళ్ళ గుంటల్లో మొదలవుతుంది, తిన్నది ఇరుక్కునే చోట. ముందు పళ్ళ నున్నటి ముఖం అంత తొందరగా పుచ్చదు. పెదవి తుడుస్తుంది, నాలుక తుడుస్తుంది, ఉమ్మి కడుగుతుంది. ఇక్కడ వరస తలకిందులైంది. దవడపళ్ళకి అసలు గుంటలే లేవు. వాడి వాడి నున్నబడ్డ తిరగలి రాళ్ళలా చదునుగా అరిగిపోయాయి. కింది వరసలో రెండు చోట్ల మోళ్ళు మాత్రం మిగిలాయి.

పాడైన పళ్ళంటే మనకి రెండు గుర్తొస్తాయి. నల్లగొండ ఫ్లోరైడు నీళ్ళ మరకలు, గుట్కా గార. ఇది ఆ రెండూ కాదు.

“చివరిసారి ఎప్పుడు తీసుకున్నారు?”

“ఏంటి?”

“మెత్.”

“వారం అయింది.”

ఆమె ఇంకేమీ అనలేదు. జబ్బకి పట్టీ చుట్టి బీపీ చూసింది. పైది 178, కిందది 110. నాడి నూట ఇరవై దాటింది.

“పోలీసుల పని నాకక్కర్లేదు. నేనిచ్చే మత్తు ఇంజెక్షన్లో అడ్రినలిన్ ఉంటుంది. ఒంట్లో మెత్ ఉండగా అది కూడా పడితే గుండె తట్టుకోకపోవచ్చు. అందుకు అడుగుతున్నాను.”

అతను గోడ వంక చూశాడు. “నిన్న రాత్రి. పట్టుకోకముందు.”

“అయితే ఇవాళ పీకను.”

“చచ్చిపోతున్నాను డాక్టర్. రాత్రంతా కూర్చునే ఉన్నాను.”

మాత్రలు రాసిచ్చి పంపేసింది. ఒక రోజన్నా గడవాలి. పంటి బిగువున ఓర్చుకోమంటాం మనం ఇలాంటప్పుడు. బిగించడానికి పళ్ళుండాలి గదా!

మత్తు ఇంజెక్షన్, మత్తుమందు. రెంటికీ ఒకే మాట వాడతాం గానీ, మెత్‌కి, అంటే మెథాంఫెటమిన్‌కి, ఆ మాట నప్పదు. ఇది మత్తులో జోకొట్టే సరుకు కాదు, రెప్ప వాల్చనివ్వని సరుకు. 1893లో జపాన్ శాస్త్రవేత్త నగాయి నగయోషి దీన్ని ఎఫిడ్రిన్ నుంచి తయారుచేశాడు. 1919లో అకిరా ఒగాటా స్ఫటిక రూపానికి తెచ్చాడు. 1938లో జర్మనీలో పెర్విటిన్ పేరుతో మాత్రలుగా అమ్మారు, తర్వాత యుద్ధంలో సైనికులకి పంచారు. నిద్ర, ఆకలి, అలసట తెలియకుండా ఉండడానికి. మన మనిషి మొదటిసారి పీల్చింది కూడా అందుకే. రాత్రి షిఫ్టు, ఒక గోదాములో.

జైల్లోకి తీసుకునేటప్పుడు అతనికి ఫొటో తీశారు. నాలుగేళ్ళ కిందట తీసింది కూడా అదే కంప్యూటర్లో ఉంది. సరిగ్గా ఇలాంటి జంట ఫొటోలనే 2004లో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో, మల్ట్‌నోమా కౌంటీ షెరిఫ్ ఆఫీసులో బ్రెట్ కింగ్ అనే డిప్యూటీ బయటికి తీశాడు. మళ్ళీ మళ్ళీ జైలుకొచ్చే వాళ్ళ పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన. ‘ఫేసెస్ ఆఫ్ మెత్’ అని పేరు పెట్టారు. పిల్లలకి చూపించి భయపెట్టడానికి స్కూళ్ళకి వెళ్ళాయవి. మరుసటేడు, 2005 జూన్‌లో, న్యూయార్క్ టైమ్స్ ఈ పళ్ళ మీద పెద్ద కథనం వేసింది. ‘మెత్ మౌత్’ అన్న మాట అప్పట్నుంచీ ఇంటింటి మాటైంది.

ఫొటోలు భయపెట్టాయి. కాకపోతే తప్పు పాఠం కూడా చెప్పాయి. చూసినవాళ్ళకి తోచే మొదటి సంగతి: ఇదేదో యాసిడ్. దొంగచాటు కొట్టాల్లో వండే సరుకు, అందులో ఎర్ర భాస్వరం, బ్యాటరీల్లోంచి తీసిన లిథియం, ఆమ్లాలు పడతాయి, ఆ పొగ పళ్ళని కాల్చేసింది. మన మనిషి నమ్మిందీ ఇదే.

“మంచి సరుకు దొరికుంటే ఇలా అయ్యేది కాదు డాక్టర్” అన్నాడు రెండోసారి వచ్చినప్పుడు. “వాడెవడో చెత్త వండాడు.”

“నోట్లో ఉమ్మి ఉందా మీకు?” అంది ఆమె.

అతనికి ప్రశ్న అర్థం కాలేదు.

భయమేసినప్పుడు నోరు పిడచకట్టుకుపోతుందని మనకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. మన ధర్మశాస్త్రాల్లో తండుల దివ్యమని ఒక పరీక్ష ఉండేది, అనుమానితుడి చేత బియ్యం నమిలించి ఉమ్మించేవారు. బెదిరినవాడి నోట్లో తడుండదన్న ఎరుక దాని వెనక ఉందంటారు. పులి ఎదురైతే ఒళ్ళు చేసే పని అది. గుండె వేగం పెంచు, కండరాలకి నెత్తురు పంపు, తిండి అరిగే పనులన్నీ ఆపు. ఉమ్మి ఊరడం ఆ ఆపే పనుల్లో ఒకటి. పులి వెళ్ళిపోతే కాసేపటికి తడి తిరిగొస్తుంది. మెత్ ఆ పులిని సగం రోజు గుమ్మంలో నిలబెడుతుంది. కొకైన్ ప్రభావం గంటలోపే దిగిపోతుంది. ఇది పది పన్నెండు గంటలు ఉంటుంది. దిగబోతుండగా ఇంకో దమ్ము.

ఉమ్మిని మనం చీదరించుకుంటాం గానీ, అది లేని రోజు నోటికి దిక్కు లేదు. పెద్దవాళ్ళ నోట్లో రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. తిన్నప్పుడల్లా నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరని ఆమ్లంగా మారుస్తాయి. ఉమ్మిలోని బైకార్బొనేట్ ఆ పులుపు విరుస్తుంది. కాల్షియం, ఫాస్ఫేట్ అప్పటికి కరిగిన పంటి పింగాణీకి మళ్ళీ పూత వేస్తాయి. రోజూ కాస్త కరగడం, కాస్త పూడడం. పీహెచ్ 5.5కి దిగితే పింగాణీ కరగడం మొదలెడుతుంది. కోలా డ్రింకులు మూడుకి కూడా దిగుతాయి.

ఇప్పుడు అతని రాత్రి చూడండి. పొగ పీల్చాడు. అరగంటలో నాలుక అంగిట్లో అతుక్కుంది. నీళ్ళు తాగొచ్చు. కానీ ఒళ్ళు తీపి అడుగుతుంది. తీసుకునేవాళ్ళు చాలామంది చెప్పే మాటే ఇది. కోలా డబ్బా తెరిచాడు. ఒక్క డబ్బాలో 39 గ్రాముల చక్కెర. గడగడా తాగేసినా కొంత నయం. అతను గుక్క గుక్కా చప్పరిస్తూ తెల్లవార్లూ పెట్టుకున్నాడు, నోరు తడుపుకోవడానికి. కడగడానికి ఉమ్మి లేదు. ఆ తీపీ పులుపూ ముందు పళ్ళ మీద, చిగుళ్ళ అంచున అలాగే కూర్చున్నాయి. ఈలోగా దవడ ఊరుకోదు. తినడానికేమీ లేకపోయినా పళ్ళు పటపట కొరుకుతూనే ఉన్నాడు, తనకి తెలియకుండా. పింగాణీ మెత్తబడ్డ పళ్ళ మీద తిరగలి తిప్పినట్టు. మూడు రోజులు నిద్ర లేదు. నాలుగో రోజు పడిపోయి ఇరవై గంటలు నిద్రపోయాడు. ఈ నాలుగు రోజుల్లో బ్రష్ ముట్టుకోలేదు. లేచాక దవడ సలిపింది. సలుపు తెలియకుండా ఉండడానికి దగ్గర ఉన్న మందు ఒక్కటే.

2005 ఆగస్టులోనే స్లేట్ పత్రికలో జాక్ షేఫర్ ఈ ‘మెత్ మౌత్’ గోలంతా అతిశయోక్తి అని, అసలు దోషులు ఎండిన నోరు, తీపి పానీయాలు, శుభ్రత లేకపోవడమని రాశాడు. కారణాల విషయంలో ఆయన మాట నిలబడింది. తీవ్రత విషయంలో నిలబడలేదనే నా లెక్క. యాసిడ్ పొగ వాదం తేలిపోవడానికి ఇంకో సాక్ష్యం ఉంది. 2010లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు చూస్తే, పొగ పీల్చేవాళ్ళ కంటే సూదితో నరానికెక్కించుకునేవాళ్ళకి ఊడిపోయిన పళ్ళు ఎక్కువ కనిపించాయి. సూదికీ పంటికీ పొగతో పని లేదు గదా. అంతకంటే దగ్గరి సాక్ష్యం మన క్యాన్సర్ ఆస్పత్రుల్లోనే దొరుకుతుంది. గొంతుకో నోటికో రేడియేషన్ తీసుకుని లాలాజల గ్రంథులు దెబ్బతిన్నవాళ్ళని చూడండి. ఏ పొగా పీల్చకపోయినా చిగురంచున ఇలాగే చుట్టూ పుచ్చుతాయి. అందుకే రేడియేషన్‌కి ముందు పళ్ళ డాక్టర్ దగ్గరికి పంపుతారు.

తీవ్రత ఎంతో 2015లో తేలింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో నోటి శస్త్రచికిత్స ప్రొఫెసర్ వివేక్ శెట్టి బృందం మెత్ వాడే 571 మంది నోళ్ళు పరీక్షించి అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో అచ్చువేసింది. నూటికి 96 మందికి పుచ్చు పళ్ళు. 58 మందికి పుచ్చుకి ఏ వైద్యమూ జరగలేదు. 31 మందికి ఆరు లేక అంతకంటే ఎక్కువ పళ్ళు లేవు. పళ్ళన్నీ మిగిలినవాళ్ళు 23 మంది. దేశంలో మామూలు జనంలో ఆ అంకె 48. ఆడవాళ్ళ పరిస్థితి మగవాళ్ళ కంటే అధ్వాన్నం, అందులోనూ ముందు పళ్ళు.

ఆ పత్రంలో నన్ను ఆపిన అంకె వేరే. పళ్ళ వల్ల తరచూ సిగ్గుపడుతున్నామని చెప్పినవాళ్ళు నూటికి నలభై. చెయ్యి అడ్డం పెట్టుకునే వాళ్ళన్నమాట. బడికెళ్ళే పిల్లలని బెదిరించడానికి పనికొచ్చిన ఆ ఫొటో, అందులో ఉన్నవాడిని డాక్టర్ గుమ్మం ఎక్కనివ్వదు. చూసి ఏమంటుందోనని. ఉద్యోగం ఇంటర్వ్యూకీ వెళ్ళనివ్వదు. మన మనిషి మూడుసార్లు మందు మానేశాడు. మూడోసారి ఒక హోటల్లో గిన్నెలు కడిగే పని దొరికింది. కస్టమర్లకి కనపడేలా బయటికి రావద్దన్నారు.

పీకే రోజు బీపీ కిందకి దిగింది. ఎక్స్‌రే ఫిల్మ్ దీపానికి ఎదురుగా పెట్టి డాక్టర్ చూపించింది.

“ఏమైనా ఉంచగలరా?”

“కింద ముందువి నాలుగు. పైన ఏవీ నిలబడవు.”

అతను తల ఊపాడు. ఎక్కువసేపు పట్టలేదు. వేళ్ళు పుచ్చిన చెట్టు లాగితే వచ్చేసినట్టు వచ్చాయి కొన్ని. కొన్ని విరిగాయి, మోళ్ళని తవ్వి తీయాల్సి వచ్చింది. దూది కొరికి పట్టుకోమంది ఆమె అలవాటుగా. కొరకడానికి కింద నాలుగే ఉన్నాయని గుర్తొచ్చి, చిగుళ్ళతో అదిమి పట్టుకోమంది.

ఆ తర్వాత కొన్ని నెలలు అతనికి మాట సగమే వచ్చింది. త, థ, ద, ధ, న దంత్యాలనీ, వ దంత్యోష్ఠ్యమనీ చిన్నప్పుడు బట్టీ పట్టినవాళ్ళం మనం. ఇంగ్లీషులో ‘ఫ’ కూడా అంతే, పై పళ్ళు కింది పెదవిని తాకితే గానీ రాదు. అతని ఖైదీ నంబర్లో రెండు ఐదులున్నాయి. లెక్క పిలిచేటప్పుడు ‘ఫైవ్’ అనబోతే గాలి పోయేది. వెనక ఎవరో నవ్వేవాళ్ళు. గార్డు మళ్ళీ చెప్పమనేవాడు.

చిగుళ్ళు మానడానికి ఆర్నెల్లు పట్టింది. పై వరస కట్టుడు పళ్ళు వచ్చాయి. పై సెట్టుని అంగిట్లో పట్టి ఉంచేది పలచటి ఉమ్మి పొర. తడి రెండు గాజుపలకల్ని అతికించినట్టు. ఎండిన నోట్లో అది నిలబడదు, మాట్లాడుతుంటే జారి పడుతుంది. డాక్టర్ సెట్టు పెట్టేముందు అద్దాన్ని అతని బుగ్గకి ఆనించి చూసింది. జారింది.

సెట్టు అంగిట్లోకి అదిమి, వేలు తీసేసింది.

“యాభై నుంచి లెక్కపెట్టండి.” పళ్ళు సరైన చోట కూర్చున్నాయో లేదో చూడటానికి దంతవైద్యులు చేయించే పనే అది. ఫిఫ్టీ, ఫిఫ్టీ వన్ అంటుంటే ‘ఫ’ ఎలా పలుకుతోందో వింటారు.

“ఫిఫ్టీ” అన్నాడు. చెయ్యి సగం పైకి లేచి ఆగింది. “ఫిఫ్టీ వన్. ఫిఫ్టీ టూ.”

యాభై ఐదు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. యాభై తొమ్మిది దాటాక పరీక్ష అయిపోయినట్టే. అరవై, అరవై ఒకటి అంటూ అతను వెళ్తూనే ఉన్నాడు. గుమ్మం దగ్గర గార్డు వాచీ చూసుకున్నాడు. డాక్టర్ తొడుగులు విప్పేసి, గోడకానుకుని నిలబడింది.